బ్రేకు రంధ్రం లేని ఫ్రేము

1945 ఆగస్టు 9 ఉదయం అణుబాంబు మోసుకొచ్చిన అమెరికన్ విమానం ముందుగా వెళ్లింది నాగసాకికి కాదు, కొకురా నగరానికి. కిందంతా మబ్బూ పొగా కమ్ముకుని గురి కుదరలేదు. విమానం నాగసాకి వైపు తిరిగింది. అలా బతికి బయటపడ్డ కొకురాలోనే మూడేళ్ల తర్వాత, 1948 నవంబరులో, ఒక కొత్త సైకిలు పందెం పుట్టింది. దాని పేరు కెయిరిన్. ఇవాళ ప్రపంచమంతటా కుర్రకారు మోజుపడే ఫిక్స్‌డ్ గేర్ సైకిలుకి సంబంధించిన కథలో సగం అక్కడే మొదలవుతుంది.

యుద్ధం ముగిసేసరికి జపాన్ నగరాలు బూడిదకుప్పలు. స్థానిక ప్రభుత్వాల ఖజానాల్లో డబ్బు లేదు. బళ్లు కట్టాలి, రోడ్లు వేయాలి, ఇళ్లు లేనివాళ్లకు ఇళ్లు చూపించాలి. 1948లో ఆ దేశ పార్లమెంటు సైకిలు పందేల చట్టం తెచ్చింది. స్థానిక ప్రభుత్వాలే పందేలు నడపవచ్చు, జనం టికెట్లు కొని డబ్బు కాయవచ్చు. కాసిన దానిలో పెద్ద వాటా గెలిచినవాళ్లకు పోగా మిగిలింది ఊరి బాగుకు. ఆలోచన పారింది. కొన్నేళ్లలోనే దేశమంతటా వెలోడ్రోములు, అంటే సైకిలు పందేల ఏటవాలు ట్రాకులు, లేచాయి. ఇప్పటికీ అక్కడ నలభైకి పైగా నడుస్తున్నాయి.

డబ్బు చేరిన చోటికి అనుమానం కూడా చేరుతుంది. 1950 సెప్టెంబరులో నరువో వెలోడ్రోములో పందెం మోసమని జనం తిరగబడ్డారు. గొడవ ఎంతవరకు వెళ్లిందంటే దేశమంతటా కెయిరిన్‌ను రెండు నెలలు ఆపేయాల్సి వచ్చింది. పందెం బతకాలంటే డబ్బు కాసే ప్రతివాడికీ నమ్మకం కలగాలి. గెలిచింది కాళ్లే తప్ప యంత్రం కాదని తెలియాలి. అందుకే అందరి సైకిళ్లూ ఒకే కట్టుబాటుకు లోబడి ఉండాలన్నారు. నిహోన్ జితెన్‌షా షింకోకై అనే సంస్థ ఆ బాధ్యత చూసింది. దాని పొట్టి పేరు ఎన్‌జేఎస్. ఫ్రేము, హ్యాండిల్, క్రాంకు, హబ్బు, రిమ్ము, ఇలా ప్రతి భాగాన్నీ పరీక్షించి, ఒప్పుకున్నదాని మీద ఆ మూడక్షరాల ముద్ర గుద్దేవారు. ముద్ర లేనిది పందెంలోకి రాదు.

ఆ కట్టుబాటు వల్లే కెయిరిన్ ఫ్రేము దశాబ్దాల పాటు పెద్దగా మారలేదు. మిగతా ప్రపంచం అల్యూమినియానికి, తర్వాత కార్బన్‌కి వెళ్లిపోయినా జపాన్ పురుషుల కెయిరిన్ సన్నని ఉక్కు గొట్టాల దగ్గరే నిలిచింది. గొట్టాలు కలిసే చోట లగ్గు అనే తొడుగు వేసి, లోపలికి లోహం కరిగించి అతుకుతారు. పందెగాడి ఎత్తు, కాలి పొడవు, వంగే తీరు చూసి ఒక్కొక్కరికి ఒక్కో ఫ్రేము కడతారు. నాగసావా, మకినో, కలవింక, సామ్సన్, లెవెల్ వంటి పేర్లతో పనిచేసే ఈ కార్ఖానాల్లో చాలా వాటిలో ఉండేది ఒకరిద్దరు మనుషులే. కలవింక అన్న పేరు బౌద్ధ పురాణాల్లో మధురంగా పాడే పక్షిది.

వీరిలో యోషియాకి నాగసావా సంగతి విడిగా చెప్పుకోవాలి. 1970లో యువకుడిగా ఇటలీ వెళ్లి సాంతే పొగ్లియాగి, ఊగో దె రోజా అనే ఇద్దరు పేరున్న ఫ్రేము పనివాళ్ల దగ్గర పని నేర్చుకున్నాడు. తిరిగొచ్చి ఒసాకా ప్రాంతంలో సొంత కార్ఖానా పెట్టాడు. ఆయన ఫ్రేములు కట్టింది కొయిచి నకానో కోసం. 1977 నుంచి 1986 దాకా వరుసగా పదేళ్లు ప్రపంచ ప్రొఫెషనల్ స్ప్రింట్ విజేతగా నిలిచిన మనిషి నకానో.  ఇటలీ చేతిపని జపాన్ క్రమశిక్షణలోకి వచ్చి చేరడం ఈ ఫ్రేముల అందానికి ఒక కారణం. కొలతలో మిల్లీమీటరు తేడా రానివ్వని ఆ పనితనం ఎవరికైనా గౌరవం కలిగిస్తుంది.

ఇంతకీ ఆ ఫ్రేములో ఏముంది అనే ముందు, ఏం లేదో చూడాలి. ఫోర్కు పైభాగంలో బ్రేకు బిగించే రంధ్రం ఉండదు. నీళ్ల సీసా తగిలించే మరలు, గేరు తీగ పోయే దారి, మడ్‌గార్డుకు చోటు ఏవీ ఉండవు. టైరుకీ గొట్టానికీ మధ్య వేలు దూరనంత సందు. వెనక యాక్సిల్ కూర్చునే గాడి వెనక్కి తెరుచుకుని ఉంటుంది. చక్రాన్ని అందులో వెనక్కి లాగి చైను బిగువు సరిచేస్తారు. వెనక హబ్బుకు చోటు 120 మిల్లీమీటర్లే. రోడ్డు పందేల సైకిళ్లకు చాలాకాలం అది 130. పెడళ్లు తిరిగే ఇరుసు నేల నుంచి కాస్త ఎత్తుగా ఉంటుంది. ఏటవాలు ట్రాకు మీద కూడా కాళ్లు తిరుగుతూనే ఉండాలి కాబట్టి పెడలు నేలకు గీసుకోకూడదు.

కాళ్లు తిరుగుతూనే ఉండాలి అన్నదే అసలు విషయం. మామూలు సైకిలులో వెనక చక్రానికి ఫ్రీవీల్ ఉంటుంది. దిగువలో తొక్కడం ఆపినా టిక్‌టిక్‌మంటూ చక్రం దాని దారిన అది తిరుగుతుంది. ఫిక్స్‌డ్ గేర్‌లో పళ్ల చక్రం నేరుగా హబ్బుకే బిగిసి ఉంటుంది. అది వదులు కాకుండా పక్కన ఎడమ మరతో ఒక రింగు. చక్రం తిరిగినంతసేపూ పెడళ్లు తిరుగుతాయి, చిన్నపిల్లల మూడు చక్రాల బండిలో లాగా. వేగం తగ్గాలంటే తిరిగే పెడళ్లను కాళ్లతో వెనక్కి అదమాలి. వెలోడ్రోములో అందరూ ఒకే దిక్కుగా వెళతారు, అడ్డంగా ఎవరూ రారు. ఎవరికైనా బ్రేకు ఉంటే, వాడు ఉన్నట్టుండి నొక్కితే, వెనక వస్తున్నవాళ్లంతా కూలిపోతారు. ఆ చోటికి బ్రేకు లేని ఫ్రేమే క్షేమం.

ఈ పద్ధతి జపాన్‌లో పుట్టింది కాదు. నిజానికి ఫ్రీవీల్ కంటే ఇదే పాతది. 1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ తెచ్చిన రోవర్ సైకిలు, అంటే నేటి సైకిళ్లన్నిటికీ మూలరూపం, ఇలా కాలు ఆపడానికి వీల్లేనిదే. ఫ్రీవీల్ జనంలోకి వచ్చింది పందొమ్మిదో శతాబ్దం చివర్లో. ఆ తర్వాత కూడా పందేల లోకం దాన్ని అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. టూర్ ద ఫ్రాన్స్ మొదలుపెట్టిన ఆన్రీ దెగ్రాంజ్ గేర్లు మార్చుకోవడం బలహీనుల పని అనుకున్నాడు. ఆ పందెంలో గేర్లు మార్చే డెరైలర్‌ను అనుమతించింది 1937లో. అమెరికాలో అప్పటికే ట్రాకు పందేలు జాతరల్లా సాగాయి. 1899లో మేజర్ టేలర్ అనే నల్లజాతి యువకుడు మాంట్రియల్‌లో ప్రపంచ స్ప్రింట్ విజేత అయ్యాడు. జాతి వివక్ష అడుగడుగునా అడ్డుపడిన కాలంలో, ఎన్నో పందెపు మైదానాలు తలుపులు మూసిన కాలంలో ఆ గెలుపు సాధించాడు. న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఆరు రోజుల పందేలు పగలూ రాత్రీ సాగేవి. ఒకే మనిషిని రోజుకు పన్నెండు గంటలకు మించి తొక్కించకూడదని చట్టం రావడంతో ఇద్దరేసి జట్టుగా తొక్కడం మొదలైంది. ఒలింపిక్స్‌లో నేటికీ ఉన్న మాడిసన్ పందెం అలా వచ్చిందే.

ఇక రోడ్డు మీదికి.

1980ల న్యూయార్క్‌లో న్యాయవాదుల కాగితాలు, ప్రకటనల నమూనాలు, బ్యాంకుల ఒప్పందాలు ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు సైకిలు మీదే పరిగెత్తేవి. వాటిని మోసే మెసెంజర్లకు జీతం లేదు, చేర్చిన పొట్లానికి ఇంత అని కూలి. వేగంగా పోతేనే తిండి. వాళ్లలో కరీబియన్ దీవుల నుంచి వలస వచ్చినవాళ్లు చాలామంది. ఆ దీవుల్లో ట్రాకు పందేలు ముందునుంచే ఉన్నాయి. బ్రేకు లేని ట్రాకు సైకిలును మాన్‌హాటన్ వీధుల్లోకి తెచ్చింది ప్రధానంగా వాళ్లేనని మెసెంజర్లలో చెప్పుకుంటారు. ఆ ఎంపిక వెనక బతుకు లెక్క ఉంది. చలికాలపు ఉప్పు బురదకు గేర్లు పాడవుతాయి, తీగలు తుప్పు పడతాయి. ఇందులో పాడవడానికి ఏమీ లేదు. దొంగ విప్పుకుపోవడానికీ పెద్దగా ఏమీ ఉండదు. పైగా ఎర్రదీపం దగ్గర కాలు దించకుండా, పెడళ్లను ముందుకూ వెనక్కూ కొంచెం కదుపుతూ నిలబడవచ్చు.

ఆ వీధుల్లోంచి ఒలింపిక్స్ దాకా వెళ్లినవాడు ఒకడున్నాడు. హార్లెమ్‌లో పుట్టిన నెల్సన్ వెయిల్స్ మెసెంజర్‌గా పనిచేస్తూ ట్రాకు పందేల్లోకి వచ్చాడు. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో స్ప్రింట్ రజతం గెలిచాడు. సైక్లింగ్‌లో ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి ఆఫ్రికన్ అమెరికన్ అతనే. రెండేళ్ల తర్వాత మెసెంజర్ల బతుకు మీద తీసిన ‘క్విక్‌సిల్వర్’ సినిమాలో కనిపించాడు కూడా.

నగరానికి మాత్రం వీళ్ల మీద కోపమే ఎక్కువ. 1987లో మేయర్ ఎడ్ కోచ్ ఫిఫ్త్, పార్క్, మాడిసన్ అవెన్యూల్లో 31వ వీధి నుంచి 59వ వీధి దాకా పని దినాల్లో పగటిపూట సైకిళ్లు నిషేధిస్తున్నట్టు ప్రకటించాడు. మెసెంజర్లు వందలుగా రోడ్డెక్కి, కార్లకు దారి లేకుండా నెమ్మదిగా తొక్కుతూ నిరసన తెలిపారు. ప్రకటన ఇవ్వాల్సిన పద్ధతిలో ఇవ్వలేదని కోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. విడివిడిగా పొట్లాలు మోసుకునేవాళ్లకు తామంతా ఒక జాతి అనే స్పృహ బలపడింది ఆ రోజుల్లోనే. పని అయ్యాక ట్రాఫిక్ మధ్యే పెట్టుకునే ఆలీక్యాట్ పందేలు ఆ దశాబ్దం చివర టొరంటోలో మొదలయ్యాయి. 1993లో బెర్లిన్‌లో మెసెంజర్ల ప్రపంచ పోటీ జరిగింది.

ఫ్యాక్స్, ఆ తర్వాత ఈమెయిలు వచ్చాక మెసెంజర్ల పని కుదించుకుపోయింది. విచిత్రమేమిటంటే పని తగ్గేకొద్దీ ఆ పనివాడి సైకిలుకి మోజు పెరిగింది. 2000 తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కో, న్యూయార్క్, లండన్ నగరాల్లో ఆఫీసు ఉద్యోగులూ విద్యార్థులూ ఫిక్సీ అని ముద్దుగా పిలుచుకుంటూ ఇవే కొన్నారు. బియాంకి కంపెనీ తళతళలాడే క్రోమ్ పూత పిస్తా మోడల్ అందరికీ అందే ధరలో రావడం ఆ గిరాకీని పెంచింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో నిట్టనిలువు వాలులు బ్రేకు లేకుండా దిగే కుర్రాళ్ల మీద 2007లో వచ్చిన ‘మాష్’ వీడియో ఖండాలు దాటింది. మసాచుసెట్స్‌లో షెల్డన్ బ్రౌన్ అనే సైకిలు మెకానిక్ ఈ సైకిళ్ల గురించి ఓపికగా రాసిన రాతలు వేలమందికి పాఠాలయ్యాయి. 2008లో చనిపోయేదాకా ఆయన పట్టుబట్టి చెప్పిన మాట ఒకటుంది: రోడ్డు మీదికి వెళితే ముందు చక్రానికి బ్రేకు ఉండాలి.

ఆ మోజే జపాన్ పాత ఫ్రేములకు కొత్త ఊపిరి పోసింది. అక్కడి పందెగాళ్లు ఫ్రేమును వృత్తి పనిముట్టుగా చూస్తారు. పడిపోయి వంగినా, పట్టు సడలిందనిపించినా మార్చేస్తారు. అలా పక్కన పెట్టిన ఎన్‌జేఎస్ ఫ్రేములు ఓడలెక్కి అమెరికా చేరాయి. ఒసాకా పందెగాడి కాళ్ల కొలతకు కట్టిన ఫ్రేము మీద బ్రూక్లిన్ విద్యార్థి కాలేజీకి వెళ్లాడు. జపాన్‌లో మాత్రం కెయిరిన్ అంటే టికెట్లు చేతిలో పట్టుకుని సిగరెట్లు కాల్చే పెద్దవయసు మగవాళ్ల జూదమన్న పేరుండేది. తమ దేశపు ఫ్రేముకు అమెరికన్ కుర్రాళ్లు ఇచ్చిన విలువ చూశాకే టోక్యో హరాజుకు వీధుల్లోని యువత దాన్ని ఫ్యాషన్‌గా ఎత్తుకుంది. పిస్ట్ అని పేరు పెట్టుకుని రంగురంగుల రిమ్ములతో తిప్పింది.

అయితే ట్రాకు కోసం కట్టింది వీధికి ఎలా సరిపోతుంది? కెయిరిన్ ఫ్రేములో ముందు చక్రం పెడలుకి చాలా దగ్గర. ట్రాకు మీద హ్యాండిల్ పెద్దగా తిప్పే అవసరం రాదు కాబట్టి ఫర్వాలేదు. సందు మలుపులో నెమ్మదిగా తిరిగేటప్పుడు మాత్రం బూటు ముందు భాగం చక్రానికి తగిలి మనిషి పడిపోతాడు. వెడల్పు టైరు పట్టదు. గుంత అదురు నేరుగా నడుముకు చేరుతుంది. ఇవన్నీ అనుభవంలోకి వచ్చాక ఫ్రేములు మారడం మొదలైంది. కొందరు స్టంట్ల కోసం లావు టైర్లు పట్టే బలమైన ఫ్రేములు అడిగారు. ఇంకొందరికి మట్టి దారుల్లో తొక్కాలని ఉంది. కంపెనీలు ఫోర్కుకు రంధ్రం పెట్టాయి, చక్రాన్ని ముందుకు జరిపాయి. వెనక హబ్బుకు ఒక పక్క ఫిక్స్‌డ్ పళ్ల చక్రం, మరో పక్క ఫ్రీవీల్ బిగించి, చక్రం తిప్పి పెట్టుకుంటే చాలన్నాయి.

వేగం కోరినవాళ్లది మరో దారి. 2008లో డేవిడ్ ట్రింబుల్ తన పుట్టినరోజు సందర్భంగా బ్రూక్లిన్‌లోని రెడ్ హుక్ వీధుల్లో రాత్రిపూట ఒక చిన్న పందెం పెట్టాడు. ట్రాకు సైకిళ్లు, బ్రేకుల్లేవు, పదునైన మలుపులు. ఆ తొలి పందెం గెలిచింది ఒక మహిళ. పదేళ్లలో రెడ్ హుక్ క్రిటీరియం మిలాన్, బార్సిలోనా, లండన్ దాకా వెళ్లింది. అక్కడికి ఉక్కు సన్నగొట్టాలు చాలలేదు. చినెల్లీ విగొరెల్లి, లీడర్ 725 వంటి గట్టి అల్యూమినియం ఫ్రేములు, కార్బన్ ఫోర్కులు వచ్చాయి. 2016లో బ్రూక్లిన్‌లో ముందు నడవాల్సిన మోటారుసైకిలు దారిలోనే ఆగిపోయి, వెనక వేగంగా వస్తున్న పోటీదారులు ఒకరి మీద ఒకరు కూలిన దృశ్యం లోకమంతా చూసింది. 2018 తర్వాత ఆ పందేలు ఆగిపోయాయి. జపాన్‌లోనూ గాలి మారింది. 2012లో తిరిగి మొదలైన మహిళల కెయిరిన్‌కు కార్బన్ ఫ్రేములకు అనుమతి ఉంది.

వీధిలో తిరిగే ఫిక్సీకి బ్రేకు ఉండాలా వద్దా అనే తగవు కూడా ఉంది. బ్రేకు లేకుండా వీధిలో ఆగడం ఎలాగో తెలిస్తే అది అర్థమవుతుంది. తొక్కేవాడు ఒళ్లు ముందుకు వంచి వెనక చక్రం మీద బరువు తగ్గిస్తాడు. అదే క్షణంలో పెడళ్లను బిగబట్టి చక్రాన్ని జారిస్తాడు. దీన్ని స్కిడ్ అంటారు. టైరు రోడ్డు మీద అరుగుతుంది. ముందు 48 పళ్లు, వెనక 16 పళ్లు ఉంటే ఒకే కాలు ముందుంచి జారించేవాడి టైరు ప్రతిసారీ ఒకేచోట అరిగి కొద్దిరోజుల్లోనే పోతుంది. ముందు 47 పళ్లు పెడితే ఆ అరుగుదల పదహారు చోట్లకు పంచబడుతుంది. ఈ లెక్క తెలిసినవాళ్ల నేర్పు మెచ్చుకోదగినదే. అయితే సైకిలు ఆగేటప్పుడు బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది, నిలిపే శక్తీ అక్కడే ఉంది. వెనక చక్రం జారిస్తూ ఆగేవాడికి ముందు బ్రేకు ఉన్నవాడి కంటే చాలా ఎక్కువ దూరం పడుతుంది. ఎంత నేర్పు ఉన్నా ఈ భౌతిక సూత్రం మారదు.

చట్టాలు ఈ మాటనే తమ పద్ధతిలో చెప్పాయి. 2006లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో కాళ్లే బ్రేకులన్న మెసెంజర్ వాదనను న్యాయమూర్తి ఒప్పుకోలేదు. 2009లో బెర్లిన్ పోలీసులు బ్రేకుల్లేని సైకిళ్లను పట్టుకుపోయారు. 2011లో టోక్యో పోలీసులు పిస్ట్ సైకిళ్ల మీద గట్టిగా దృష్టి పెట్టారు. జపాన్ చట్టం ప్రకారం రోడ్డెక్కే సైకిలుకు ముందూ వెనకా బ్రేకులుండాలి. కెయిరిన్ పందెగాడు కూడా రోడ్డు మీద సాధనకు వెళితే బ్రేకు బిగించుకోవాల్సిందే. 2016 ఫిబ్రవరిలో లండన్‌లో ముందు బ్రేకు లేని ట్రాకు సైకిలు ఢీకొని రోడ్డు దాటుతున్న ఒక మహిళ చనిపోయింది. ఇద్దరు పిల్లల తల్లి ఆమె. తొక్కిన యువకుడికి 1861 నాటి చట్టం కింద పద్దెనిమిది నెలల శిక్ష పడింది. 2025లో దక్షిణ కొరియాలో బడి పిల్లల మధ్య ఇదే మోజు పాకి, పోలీసులు తనిఖీలు మొదలుపెట్టారు.

తెలుగు నేల మీద కూడా ఈ ఫ్రేముకు తగిన చోటు ఒకటుంది. 2002లో హైదరాబాద్‌లో జాతీయ క్రీడలు జరిగినప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలో వెలోడ్రోము సిద్ధమైంది. 2010 కామన్‌వెల్త్ క్రీడల కోసం ఢిల్లీలో కప్పున్న వెలోడ్రోము వచ్చింది. అక్కడి జాతీయ శిబిరంలో సాధన చేసిన అండమాన్ కుర్రాడు ఎసో ఆల్బెన్ 2018లో స్విట్జర్లాండులో జూనియర్ ప్రపంచ పోటీల్లో కెయిరిన్ రజతం గెలిచాడు. కొకురాలో మొదలైన పందెంలో మన దేశపు కుర్రాడి పేరు వినపడింది. ఈ దారిలో తెలుగు పిల్లలూ వెళ్లాలంటే ట్రాకు సైకిళ్లు కావాలి, నేర్పేవాళ్లు కావాలి, హైదరాబాద్ ట్రాకు ఏడాది పొడవునా బాగుండాలి.

మోజుతో ఫిక్సీ కొనాలనుకునే కుర్రకారుకూ, వాళ్లకు డబ్బిచ్చే తల్లిదండ్రులకూ ఒక్క మాట. రంగూ పేరూ తర్వాత చూడండి. ముందుగా ఫోర్కు పైభాగాన బ్రేకు బిగించే రంధ్రం ఉందో లేదో చూడండి. ఉంటే మంచి బ్రేకు బిగించి రోడ్డెక్కండి. లేకపోతే ఆ ఫ్రేమును ట్రాకు దాటి బయటికి తేవద్దు.